క్రమం తప్పిన సంస్కరణ: గోర్బచేవ్ విధానాలు, పొరపాట్లు (1985–1991)

1992 ఆగస్టు 1న అప్పటి ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు విశాఖ ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఆ కర్మాగార నిర్మాణానికి సహకారం అందిస్తామని 1979లో భారత ప్రభుత్వంతో ఒప్పందం చేసుకొన్న రాజ్యం ఆనాటికి లేదు. ఏడు నెలల ముందే, 1991 డిసెంబరు 25న, మిఖాయిల్ గోర్బచేవ్ సోవియట్ సమాఖ్య అధ్యక్ష పదవికి రాజీనామా చేశాడు. ఆ రాత్రే క్రెమ్లిన్ మీద ఎర్రజెండా దిగిపోయింది. విశాఖలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు రగులుకొన్నది 1990లో. 1988 నుంచి 1991 ఆరంభం దాకా విశాఖ నౌకాస్థావరంలో ఉన్న అణు జలాంతర్గామి ‘చక్ర’ కూడా ఆ దేశం నుంచి అద్దెకు వచ్చినదే. కాబట్టి ఈ ప్రాంతంవారికి సోవియట్ పతనం కేవలం దూరదేశపు వార్త కాదు.

గోర్బచేవ్ గురించి తెలుగులో రెండు అభిప్రాయాలు స్థిరపడిపోయాయి. ఒకదాని ప్రకారం ఆయన సోషలిజానికి ద్రోహం చేసినవాడు. రెండవదాని ప్రకారం ఎలాగూ కూలిపోవలసిన కట్టడాన్ని రక్తపాతం లేకుండా దించిన మహానుభావుడు. 1990లో నోబెల్ శాంతి బహుమతి అందుకొన్నవాడు. ఈ రెండు అభిప్రాయాలకూ ఒక సౌకర్యం ఉన్నది. ద్రోహమే కారణమైతే పొరపాట్లను వెదకనక్కరలేదు. పతనం అనివార్యమైతే ఎవరు ఏమి చేసినా ఒకటే. ఆయన విధానాల లోపలికి పోయి, ఏది ముందు చేశాడు, ఏది వెనుక చేశాడు అని చూడవలసిన అవసరం రెండు పక్షాలకూ కలగలేదు.

ఈ వ్యాసంలో చేస్తున్న ప్రతిపాదన ఇది: గోర్బచేవ్ సంస్కరణలలో లక్ష్యాలకన్నా క్రమం ఎక్కువగా తప్పింది. పాత కట్టును విప్పడం, దాని స్థానంలో కొత్త కట్టును వేయడం అనే రెండు పనులలో ఆయన మొదటిదానిని ప్రతిచోటా ముందు చేశాడు. రెండవదానిని వాయిదా వేశాడు. దేవరాపల్లి మండలంలో శారదానది మీద ఉన్న రైవాడ జలాశయం కింద సేద్యం చేసే రైతుకు ఈ మాట వివరించనక్కరలేదు. తూము ఎత్తే ముందు కాలువ గట్లు చూసుకోవాలి. తూము ఎత్తడం తప్పు కాదు.

చెరకు సీమ నుంచి చూస్తే

గోర్బచేవ్ 1985 మార్చి 11న పార్టీ ప్రధాన కార్యదర్శి అయ్యాడు. వయస్సు 54 ఏళ్లు. అంతకు ముందు రెండున్నర ఏళ్ల వ్యవధిలో బ్రెజ్నేవ్, ఆంద్రోపోవ్, చెర్నెంకో వరుసగా పదవిలోనే మరణించారు. వృద్ధుల పాలనతో విసిగిన దేశానికి ఆయన నడక, మాట, కాగితం చూడకుండా జనంతో ముచ్చటించే తీరు కొత్తగా తోచాయి. అధికారానికి వచ్చిన రెండు నెలలకే ఆయన చేపట్టిన మొదటి పెద్ద కార్యక్రమం మద్యపాన వ్యతిరేకోద్యమం. చరిత్రకారులలో చాలామంది దీనిని ఒక పక్క ముచ్చటగా చెప్పి వదిలేస్తారు. దీనికి ఎక్కువ చోటు ఇవ్వాలని నా అభిప్రాయం. తరువాతి పొరపాట్లన్నింటి నమూనా ఇందులోనే ఉన్నది.

1985 మే నెలలో వెలువడిన ఉత్తర్వుల ప్రకారం మద్యం దుకాణాలు మధ్యాహ్నం 2 గంటల తరువాతనే తెరవాలి. 21 ఏళ్లు నిండనివారికి అమ్మరాదు. వోద్కా ఉత్పత్తి తగ్గించారు, ధర పెంచారు. మోల్దావియా, జార్జియా, క్రిమియా ప్రాంతాలలో తరతరాలుగా పెంచిన ద్రాక్షతోటలను అత్యుత్సాహం గల అధికారులు పెరికించారు. ఫలితం ఏమీ లేదనడం న్యాయం కాదు. రెండు మూడేళ్లలో పురుషుల సగటు ఆయుర్దాయం రెండేళ్లకు పైగా పెరిగింది. ఇది చిన్న విషయం కాదు. అయితే సోవియట్ ప్రభుత్వ ఆదాయంలో సుమారు పదోవంతు, కొందరి లెక్కలో అంతకన్నా ఎక్కువ, మద్యం మీది పన్నుల నుంచే వచ్చేది. ఆ ఆదాయం పోతే దేనితో పూడ్చాలి అన్న ప్రశ్నకు ఉత్తర్వులో సమాధానం లేదు. ఆర్థిక వ్యవహారాలు ఎరిగిన నికొలాయ్ రిజ్కోవ్ అభ్యంతరం చెప్పాడు. ఉద్యమాన్ని ముందుండి నడిపిన లిగచోవ్, సొలొమెంత్సెవ్‌ల మాటే నెగ్గింది.

తరువాత జరిగినది చోడవరం, మాడుగుల, అనకాపల్లి ప్రాంతాలవారు ఊహించగలరు. రష్యా పల్లెలలో, తరువాత పట్టణాలలో కూడా, ఇళ్లలోనే ‘సమగోన్’ కాచడం మొదలైంది. మన నాటుసారా వంటిదే. మనవద్ద నాటుసారాకు బెల్లం ముడిసరుకు. నల్లబెల్లం అమ్మకాల మీద ఎక్సైజు శాఖ కన్ను వేసి ఉంచడం ఈ ప్రాంతంలో అందరూ చూసినదే. అక్కడ బెల్లం లేదు, చక్కెర ఉన్నది. దుకాణాలలో చక్కెర మాయమైంది. 1988 నాటికి దేశంలో చాలా ప్రాంతాలలో చక్కెరకు కూపన్లు పెట్టవలసివచ్చింది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత పుట్టిన తరానికి కూపన్ల మీద చక్కెర కొనడం అదే తొలిసారి. మద్యం కోసం క్యూలో నిలబడినవారు ప్రధాన కార్యదర్శికి కొత్త బిరుదు ఇచ్చారు. రష్యన్‌లో ‘గెనెరాల్నీ సెక్రెతార్’ అంటే ప్రధాన కార్యదర్శి. వారు ‘మినెరాల్నీ సెక్రెతార్’ అన్నారు, మినరల్ నీళ్ల కార్యదర్శి అని. 1988 నాటికి ఉద్యమం చడీచప్పుడు లేకుండా సడలిపోయింది.

తెలుగువారికి ఈ కథ తమ కథలాగే వినిపిస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన స్త్రీల సారా వ్యతిరేకోద్యమం ఫలితంగా 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం అమలు చేసింది. ఆదాయం చాలదన్న కారణంతో 1997లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం దానిని ఎత్తివేసింది. పోలిక ఇంతవరకు సరిపోతుంది. కాని రెండు తేడాలు ముఖ్యం. ఇక్కడ నిషేధం కింది నుంచి, పల్లె స్త్రీల నుంచి వచ్చింది. అక్కడ పొలిట్‌బ్యూరో నుంచి దిగింది. ఇక్కడి ప్రభుత్వానికి నోట్లు అచ్చువేసే అధికారం లేదు. ఖజానా ఖాళీ అయితే విధానం మార్చుకోక తప్పదు. మాస్కోకు ఆ అధికారం ఉన్నది. లోటును నోట్లతో పూడ్చారు. 1986లో అంతర్జాతీయ విపణిలో చమురు ధర దాదాపు సగానికి పడిపోవడం, అదే ఏడాది ఏప్రిల్ 26న చెర్నోబిల్ అణు ప్రమాదం జరగడం ఆ లోటును ఇంకా పెంచాయి. ఈ రెండింటికీ గోర్బచేవ్ బాధ్యుడు కాడు. కాని తుఫాను వచ్చే ఏడాదే ఇంటి కప్పు విప్పుకొన్న బాధ్యత ఆయనదే. బడ్జెట్‌లో లోటు ఉన్నదని ఆర్థిక మంత్రి బహిరంగంగా ఒప్పుకొన్నది 1988 అక్టోబరులో.

ధర అనే గండం

పెరిస్త్రోయికా, గ్లాస్‌నోస్త్ అనే రెండు మాటలను తెలుగు పత్రికలు అనువదించిన తీరు ఆసక్తికరమైనది. పెరిస్త్రోయికాను ‘పునర్నిర్మాణం’ అన్నారు. ఈ మాట వింటే కూలినదానిని తిరిగి కట్టడమని తోస్తుంది. రష్యన్ మాటకు తిరిగి అమర్చడం, కట్టుబడిని మార్చడం అనే అర్థాలు కూడా ఉన్నాయి. అంటే కాపురం ఉంటున్న ఇంట్లోనే గోడలు జరపడం. గ్లాస్‌నోస్త్‌ను మనం ‘పారదర్శకత’ అంటున్నాం. అది చూపుకు సంబంధించిన మాట. రష్యన్ ధాతువు ‘గ్లాస్’ అంటే గొంతు. పదిమందికి వినబడేలా చెప్పడం దాని భావం. గోడలు జరుపుతున్న ఇంట్లో అందరి గొంతులూ ఒక్కసారి విప్పించడం ఈ రెండు విధానాల కలయిక.

గోడలలో బరువు మోసే గోడ ధరల వ్యవస్థ. సోవియట్ ప్రభుత్వ దుకాణాలలో మాంసం ధర 1962 తరువాత మారలేదు. రొట్టె ధర అంతకన్నా పాతది. 1980ల చివరికి మాంసాన్ని ఉత్పత్తి వ్యయంలో సగంకన్నా తక్కువకే అమ్మేవారు. మిగిలినది ఖజానా భరించేది. రొట్టె ఎంత చవక అంటే పిల్లలు దానితో బంతాట ఆడుతున్నారని గోర్బచేవే వాపోయాడు. కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని చూసిన మనకు సబ్సిడీ ధర కొత్త విషయం కాదు. అయితే మన పథకంలో కార్డుకు ఇన్ని కిలోలని పరిమితి ఉన్నది. పక్కనే బజారు ధర కూడా ఉన్నది. అక్కడ పట్టణవాసులందరికీ, దాదాపు అన్ని వస్తువులకూ అదే ధర. సరుకు తక్కువైనప్పుడు ధర పెరగదు, క్యూ పెరుగుతుంది.

ఈ ధరలను మార్చకుండా ఏ ఇతర సంస్కరణా నిలబడదని 1987 జూన్ కేంద్రసంఘ సమావేశం నాటికే ఆర్థికవేత్తలు చెప్పారు. గోర్బచేవ్ సూత్రప్రాయంగా అంగీకరించాడు. ఎందుకు చేయలేదు? ఆయన భయానికి చారిత్రకమైన ఆధారం ఉన్నది. 1962 జూన్‌లో క్రుష్చోవ్ మాంసం, వెన్న ధరలు పెంచితే, గోర్బచేవ్ సొంత ప్రాంతమైన స్తావ్రొపోల్‌కు పొరుగున ఉన్న రస్తోవ్ ప్రాంతంలోని నొవొచెర్కాస్క్‌లో కార్మికులు సమ్మెకు దిగారు. సైన్యం కాల్పులలో ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ సంఘటనను అప్పట్లో పూర్తిగా కప్పిపుచ్చారు. పార్టీ నాయకులు మాత్రం మరచిపోలేదు. ధరలు పెంచి తుపాకి పేల్చే నాయకుడిని కాకూడదని గోర్బచేవ్ అనుకొని ఉంటే అందులో తప్పు పట్టవలసినది లేదు. తప్పు వేరేచోట ఉన్నది. ధరలు ముట్టుకోనని నిర్ణయించుకొన్నవాడు, ఆ ధరలు నిలబడడానికి ఆధారమైన పాత ఆజ్ఞల వ్యవస్థను కూడా ముట్టుకోకూడదు. ఆయన దానిని ముట్టుకొన్నాడు.

1988 జనవరి 1 నుంచి ప్రభుత్వ పరిశ్రమల చట్టం అమలులోకి వచ్చింది. కర్మాగారాలకు స్వయంప్రతిపత్తి ఇచ్చారు. లాభంలో ఎక్కువ భాగం తమ వద్దే ఉంచుకోవచ్చు. డైరెక్టర్లను కార్మికులే ఎన్నుకొంటారు. వినడానికి ఇది ఎంతో ప్రజాస్వామికం. కాని ధరలు ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి, ముడిసరుకు కేటాయింపులూ ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి, నష్టపోయిన కర్మాగారం మూతబడదు. ఇటువంటి చోట స్వేచ్ఛ లభించిన డైరెక్టరు ఏమి చేస్తాడు? తనను ఎన్నుకొన్నవారికి జీతాలు పెంచుతాడు. లాభం రాని చవక సరుకులను మానేసి, పేరు మార్చిన ఖరీదైన సరుకులు తయారుచేస్తాడు. జీతాలు ఉత్పత్తికన్నా వేగంగా పెరిగాయి. పిల్లల దుస్తులు, సబ్బు, బట్టల సోడా దొరకడం మానేశాయి. 1989 జూలైలో సైబీరియాలోని కుజ్‌బాస్ బొగ్గుగని కార్మికులు సమ్మె చేసినప్పుడు వారి కోరికలలో సబ్బు ఒకటి. గని నుంచి పైకి వచ్చిన మనిషికి ఒళ్లు కడుక్కోవడానికి సబ్బు లేదు! కార్మికరాజ్యం గురించి ఎన్ని సిద్ధాంత గ్రంథాలు చదివినా ఈ ఒక్క కోరిక చెప్పినంత అవి చెప్పవు.

1988 మే నెలలో వచ్చిన సహకార సంస్థల చట్టం గురించి ఒక హెచ్చరిక అవసరం. గోవాడ సహకార చక్కెర కర్మాగారాన్ని ఎరిగిన పాఠకుడికి ‘సహకార సంస్థ’ అంటే వేలమంది రైతులు వాటాదారులుగా ఉన్న సంఘం గుర్తుకు వస్తుంది. సోవియట్ చట్టం కింద ఏర్పడినవి అటువంటివి కావు. అవి చాలావరకు ముగ్గురు నలుగురు కలిసి పెట్టుకొన్న ప్రైవేటు వ్యాపారాలు. ‘ప్రైవేటు’ అనే మాట పలకలేక పెట్టిన పేరు. వాటిలో మంచి భోజనశాలలు, మరమ్మతు దుకాణాలు ఉన్నాయి. కాని అసలు నష్టం మరొక దారిన వచ్చింది. సోవియట్ వ్యవస్థలో డబ్బు రెండు రకాలు. కర్మాగారాల మధ్య చెల్లింపులకు ఖాతా పుస్తకాలలో మాత్రమే ఉండే రూబుళ్లు ఒక రకం. జీతాలుగా చేతికి వచ్చే నోట్లు మరొక రకం. మొదటిది రెండవదిగా మారకుండా గట్టి అడ్డుకట్ట ఉండేది. అరకొర సరుకులున్న దేశంలో ధరలు అదుపులో ఉండడానికి ఆ అడ్డుకట్టే కారణం. కర్మాగారం తన అనుబంధ సహకార సంస్థకు ఏదో పని అప్పగించి ఖాతాలోని డబ్బు చెల్లిస్తే, ఆ సంస్థ దానిని నోట్లుగా తీసుకోగలిగింది. కట్టకు గండి పడింది. నోట్లు బజారుకు వచ్చాయి, సరుకు రాలేదు. సంస్కర్తలలో ఎందరికి ఈ పర్యవసానం ముందే తెలుసునో సందేహమే.

చివరకు ధరల విషయంలో కూడా చేయగూడని విధంగానే చేశారు. 1990 మే నెలలో ప్రధాని రిజ్కోవ్ జూలై నుంచి రొట్టె ధర మూడింతలు చేస్తామని ముందుగా ప్రకటించాడు. ప్రజలు దుకాణాల మీద పడి ఉన్నదంతా కొనేశారు. పార్లమెంటు ప్రతిపాదనను అంగీకరించలేదు. ధరలు పెరగలేదు, సరుకూ మిగలలేదు. అదే వేసవిలో షతాలిన్, యావ్లిన్‌స్కీ బృందం ‘500 రోజుల’ ప్రణాళికను రూపొందించింది. గోర్బచేవ్, యెల్త్సిన్ ఇద్దరూ కలిసి వేసిన బృందం అది. అక్టోబరు నాటికి గోర్బచేవ్ దానిని పక్కన పెట్టి, దానికీ ప్రభుత్వ ప్రణాళికకూ మధ్యస్థంగా ఒక పత్రం తయారు చేయించాడు. 1991 జనవరి 22 రాత్రి ప్రధాని పావ్లోవ్ ప్రభుత్వం 50, 100 రూబుళ్ల పాత నోట్లు చెల్లవని ప్రకటించి మార్చుకోవడానికి మూడు రోజులే గడువు ఇచ్చింది. 2016 నవంబరును చూసినవారికి ఆ మూడు రోజులు ఎలా గడిచి ఉంటాయో తెలుసు. ఏప్రిల్ 2న ధరలు పెంచారు. అప్పటికి ప్రభుత్వం మీద నమ్మకం మిగలలేదు కాబట్టి 1987లో ఇబ్బందితోనైనా భరించి ఉండగల పెంపు 1991లో అవమానంగా తోచింది.

రైతుబిడ్డ పొలాన్ని ఎందుకు వదిలేశాడు?

గోర్బచేవ్ 1931లో స్తావ్రొపోల్ ప్రాంతంలోని ప్రివోల్నొయె గ్రామంలో పుట్టాడు. బడికి వెళ్లే వయస్సులోనే తండ్రితో కలిసి కంబైన్ హార్వెస్టర్ నడిపి ప్రభుత్వ పతకం పొందాడు. సమష్టి క్షేత్రంలో చేరకుండా నిలిచిన తండ్రి వైపు తాత, విత్తన ప్రణాళిక నెరవేర్చలేదన్న ఆరోపణపై 1934లో సైబీరియాకు ప్రవాసం పోయాడు. తల్లి వైపు తాత సమష్టి క్షేత్రానికి అధ్యక్షుడై కూడా 1937లో అరెస్టయ్యాడు. సమష్టీకరణ రెండు ముఖాలనూ ఒకే ఇంట్లో చూసినవాడు, 1978 నుంచి కేంద్రంలో వ్యవసాయ కార్యదర్శిగా పనిచేసినవాడు, సంస్కరణ పొలం నుంచి మొదలుపెట్టి ఉంటాడని ఎవరైనా అనుకొంటారు. ధాన్యం దిగుమతిలో ప్రపంచంలోనే ముందు వరుసలో ఉన్న దేశం అది. పైగా పొరుగున చైనాలో 1983 నాటికే దాదాపు అన్ని రైతుకుటుంబాలూ కమ్యూన్ల నుంచి బయటపడి కౌలు పద్ధతిలో సొంతంగా సాగు చేసుకొంటున్నాయి.

ఆయన చేసినది మరొకటి. 1985 నవంబరులో అయిదు మంత్రిత్వశాఖలను, ఒక రాష్ట్రకమిటీని కలిపి ‘గొసాగ్రొప్రోమ్’ అనే ఒక మహాశాఖను సృష్టించాడు. స్తావ్రొపోల్‌లో తనతో పనిచేసిన మురఖోవ్‌స్కీని దానికి అధిపతిని చేశాడు. 1989లో దానిని రద్దు చేశారు. భూమిని కౌలుకు ఇచ్చే విధానం కూడా ఆ కాలంలోనే వచ్చింది, తీసుకొన్నవారు కొద్దిమందే.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. చైనా దారి సోవియట్ పల్లెకు సరిపోయేదా అన్నది తేలని ప్రశ్న. చైనా రైతుకు కమ్యూన్ కిందటి తరం జ్ఞాపకం. సొంత సేద్యం ఇంకా చేతిలోనే ఉన్నది. రష్యా పల్లెలో సొంతంగా దున్నినవారు ప్రవాసం పోయి యాభై ఏళ్లు దాటింది. పడుచువారు పట్టణాలకు పోయారు. మిగిలినవారు నెలజీతానికి అలవాటుపడిన సమష్టి క్షేత్ర ఉద్యోగులు. ట్రాక్టరు, ఎరువు, గోదాము అన్నీ క్షేత్ర అధ్యక్షుడి చేతిలో ఉండగా ఒంటరి కౌలుదారుకు విత్తనం కూడా దొరకదు. భూమి ఉన్నంత మాత్రాన సేద్యం సాగదని మన కౌలురైతులకు తెలియనిదా? అయినప్పటికీ, పరీక్షించి విఫలమవడం వేరు, 1985లో చేయవలసిన ప్రయత్నాన్ని 1989లో మొదలుపెట్టడం వేరు.

పార్టీని సడలించి దేనిమీద నిలబడాలి?

రాజకీయ సంస్కరణలు గోర్బచేవ్‌కు నిజమైన గౌరవం తెచ్చిన రంగం. 1988 వేసవిలో జరిగిన 19వ పార్టీ సమావేశంలో ఆయన ప్రతిపాదించిన మార్పుల ఫలితంగా 1989 మార్చి 26న పోటీతో కూడిన ఎన్నికలు జరిగాయి. ఆ మే నెలలో ప్రజాప్రతినిధుల మహాసభ ప్రారంభమైనప్పుడు జనం పనులు మాని టెలివిజన్ల ముందు కూర్చున్నారు. ప్రభుత్వాన్ని సభలో నిలబడి ప్రశ్నించడం వారు ఎన్నడూ చూడలేదు.

అయితే 2,250 స్థానాలలో మూడోవంతును సంస్థలకు కేటాయించారు. అందులో 100 కమ్యూనిస్టు పార్టీవి. గోర్బచేవ్ ఆ నూరుగురిలో ఒకడిగా సభకు వచ్చాడు, ఓటర్ల ముందుకు పోలేదు. ఆయన చేత 1987లో మాస్కో పార్టీ బాధ్యతల నుంచి తొలగింపబడిన యెల్త్సిన్ మాస్కోలో ప్రజల ఓటుతో అఖండ విజయం సాధించాడు. ఏడాది తరువాత, 1990 మార్చిలో, పార్టీకి ఏకాధిపత్యం ఇచ్చిన రాజ్యాంగం 6వ అధికరణాన్ని సవరించారు. అదే సమయంలో గోర్బచేవ్ అధ్యక్షుడయ్యాడు. ఈసారి కూడా ప్రజల ఓటుతో కాదు. మహాసభ ఎన్నుకొన్నది, 1,329 మంది అనుకూలంగా, 495 మంది వ్యతిరేకంగా. అప్పటికి ప్రత్యక్ష ఎన్నికకు నిలబడి ఉంటే గెలిచే అవకాశం ఆయనకు బలంగానే ఉన్నది. 1991 జూన్ 12న యెల్త్సిన్ ప్రత్యక్ష ఓటుతో రష్యా రిపబ్లిక్కు అధ్యక్షుడయ్యాక, ఒకే నగరంలో ఇద్దరు అధ్యక్షులు, వారిలో ఒకరికే ప్రజల ముద్ర. నా దృష్టిలో గోర్బచేవ్ పొరపాట్లలో దిద్దుకోవడానికి అన్నింటికన్నా సులభంగా ఉండినది, దిద్దుకోనందుకు అన్నింటికన్నా ఖరీదైనది ఇదే. పార్టీ అధికారాన్ని సడలించినవాడు ప్రజామోదం అనే మరొక ఆధారాన్ని వెతుక్కోవాలి; ఆయన రెండింటికీ నడుమ నిలబడ్డాడు.

జాతుల సమస్యలో ఆయన అజ్ఞానం ఆశ్చర్యం కలిగిస్తుంది. 1986 డిసెంబరులో కజకిస్తాన్ పార్టీ నాయకుడు కునాయెవ్‌ను తొలగించి, ఆ రిపబ్లిక్కుతో ఏ సంబంధమూ లేని రష్యన్ కోల్బిన్‌ను నియమించాడు. ఆల్మా-ఆతాలో యువకులు వీధులలోకి వచ్చారు. 1988 ఫిబ్రవరిలో నగోర్నో-కరబాఖ్ వివాదం రగిలింది. 1989 ఏప్రిల్‌లో త్బిలిసిలో, 1990 జనవరిలో బాకులో, 1991 జనవరిలో విల్నియస్‌లో సైన్యం ప్రజలను చంపింది. ప్రతిసారీ బలప్రయోగం జరిగింది, ప్రతిసారీ మధ్యలో ఆగింది, ఎవరు ఆజ్ఞ ఇచ్చారన్నది వివాదంగా మిగిలింది. భయపెట్టడానికి అది చాలలేదు. కోపం తెప్పించడానికి చాలింది. రిపబ్లిక్కులకు కొత్త ఒప్పందం ఇవ్వాలన్న ఆలోచన ఆచరణకు వచ్చేసరికి 1991 అయింది. మార్చి 17 ప్రజాభిప్రాయ సేకరణలో ఓటువేసినవారిలో 76 శాతం సమాఖ్య కొనసాగాలన్నారు; కాని ఆరు రిపబ్లిక్కులు అందులో పాల్గొననే లేదు. కొత్త ఒప్పందంపై ఆగస్టు 20న సంతకాలు జరగవలసి ఉండగా 19న కుట్ర జరిగింది. కుట్రలో ఉన్న ఉపాధ్యక్షుడు యనాయెవ్, ప్రధాని పావ్లోవ్, గూఢచారి సంస్థ అధిపతి క్ర్యుచ్కోవ్, రక్షణమంత్రి యాజోవ్, హోంమంత్రి పూగో – అందరూ ఆయన ఎంపిక చేసినవారే. డిసెంబరు 8న రష్యా, ఉక్రెయిన్, బెలారుస్ నాయకులు సమాఖ్య ముగిసిందని ప్రకటించినప్పుడు ఆయనను అడగవలసిన అవసరం కూడా వారికి తోచలేదు.

చరిత్రకారులు ఈ విషయంలో ఏకాభిప్రాయానికి రాలేదు. సోవియట్ వ్యవస్థ సంస్కరణకు లొంగేదేనని స్టీఫెన్ కోహెన్ వాదించాడు. సంస్కరణే ఆ వ్యవస్థను కరిగించిందని స్టీఫెన్ కోట్కిన్ అన్నాడు. 2021లో ప్రచురించిన గ్రంథంలో వ్లదిస్లావ్ జుబోక్ ఆర్థిక దుర్నిర్వహణకు ప్రాధాన్యమిచ్చాడు. ఈ వ్యాసం మూడవ అభిప్రాయానికి దగ్గరగా ఉన్నది, ఒక్క భేదంతో. జుబోక్ గోర్బచేవ్ స్వభావానికి, ఆయన ఊగిసలాటకు, ఎక్కువ బరువు ఇస్తాడు. నొవొచెర్కాస్క్ జ్ఞాపకం, నోట్లు అచ్చువేయగల ఖజానా, ఓటర్ల ముందుకు పోనక్కరలేని పార్టీ జీవితం – ఇవన్నీ వ్యక్తి స్వభావం కన్నా లోతైనవి. పొలిట్‌బ్యూరోలో పెరిగిన మరొక నాయకుడు కూడా కఠినమైన పనిని వాయిదా వేసి సులభమైనదానిని ముందు చేసి ఉండేవాడు.

తెలుగు నేల మీద

ఆ ఆరేళ్లలో భారత కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి తెలుగువారు కావడం గమనించదగినది. చండ్ర రాజేశ్వరరావు 1964 నుంచి 1990 దాకా ఆ బాధ్యతలో ఉన్నారు. గోర్బచేవ్ సంస్కరణలను ఆ పార్టీ స్వాగతించింది. సి.పి.ఎం. పక్షాన సిద్ధాంత విషయాలు చూసినవారిలో ముఖ్యులు మాకినేని బసవపున్నయ్య. ఆ పార్టీ మాస్కో కొత్త ధోరణులను విమర్శించింది. 1992 జనవరిలో మద్రాసులో జరిగిన 14వ మహాసభలో సోవియట్ పతనంపై సైద్ధాంతిక తీర్మానం చేసింది. అదే ఏడాది ఏప్రిల్‌లో సి.పి.ఐ. 15వ మహాసభ హైదరాబాదులో జరిగింది. ఆ ఏప్రిల్‌లోనే బసవపున్నయ్య కన్నుమూశారు. పుచ్చలపల్లి సుందరయ్య 1985 మే 19న, గోర్బచేవ్ అధికారానికి వచ్చిన రెండు నెలలకే మరణించారు. మాస్కోలో మద్య వ్యతిరేక ఉత్తర్వులు వెలువడినది సరిగ్గా ఆ రోజులలోనే. తరువాతి చర్చను ఆయన చూడలేదు.

ఆ చర్చ ప్రధానంగా మార్గం సరైనదా, విచ్ఛిన్నకరమైనదా అన్న భాషలో సాగింది. చక్కెర కూపను, ఖాతా రూబులు, గని కార్మికుడి సబ్బు ఆ భాషలో ఇమడలేదు. ఈలోగా సామాన్య తెలుగు పాఠకుడికి మార్పు మరొక రూపంలో తెలిసింది. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు ఉప్పల లక్ష్మణరావు వంటి అనువాదకుల శ్రమతో దశాబ్దాలుగా అందించిన తెలుగు పుస్తకాలు, దళసరి అట్టలతో, రంగుల బొమ్మలతో, విశాలాంధ్ర పుస్తకశాలలలో అతి తక్కువ ధరకు దొరికేవి. అవి కూడా ఆ రొట్టె వంటివే. అసలు ఖర్చును మరెవరో భరించారు. 1991 తరువాత కొత్తవి రాలేదు.